నలభై ఒక్క దీర్ఘాలు

ఠప్.

మెట్లెక్కి వచ్చేవాళ్ళకి ముందు ఆ చప్పుడే వినిపించేది. మొదటి మలుపు దగ్గర ఒకసారి, రెండో అంతస్తు చేరేలోపు ఇంకోసారి. పెద్ద చప్పుడేం కాదు. దారి తప్పిన పిట్ట కిటికీ అద్దానికి కొట్టుకున్నట్టు మెత్తగా ఉండేది. వసారాలో బెంచీ మీద వరసగా కూర్చున్నవాళ్ళు ఆ చప్పుడుకి ఒక్కసారి తలెత్తి, ఒకరి మొహాలొకరు చూసుకుని, మళ్ళీ తమ చేతుల్లోని కాగితాల్లోకి వాలిపోయేవాళ్ళు. అది దేని చప్పుడో వాళ్ళకి తెలియదు. నున్నగా అరిగిన చెక్క పిడి, రబ్బరు అడుగు, ఊదారంగు సిరా. ఆ చప్పుడయ్యాక కాగితం మీద మిగిలేది ఒకటే మాట: ముగిసినది.

ఆ ముద్ర కొట్టే చెయ్యి దీర్ఘాలమ్మది.

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఒక్కచోటే ఉండేది. మిగతా లోకానికంతా ఆమె దీర్ఘాలమ్మే. ఎవరు ఏ చిత్తు రాసి తెచ్చినా ముందు ఎర్ర పెన్సిల్ తీసేది. పడిపోయిన దీర్ఘాన్ని లేపి నిలబెట్టేది, అక్కర్లేని చోట నిక్కిన దీర్ఘాన్ని కొట్టేసేది. ఒకసారి సూపరింటెండెంటు సెలవు చీటీ కూడా ఎర్రగీతలతో వెనక్కి వచ్చింది.

"నా జ్వరాన్ని కూడా వదలరా, దీర్ఘాలమ్మా?" అన్నాడాయన.

"జ్వరం మీది సార్. భాష అందరిదీ," అందామె, తలెత్తకుండానే.

ఆ చూపు తండ్రి ఇచ్చింది. ఆయన అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చేవాడు. అందుకే ఆమె చదవడం నేర్చుకున్నది తిరగేసిన అక్షరాలతో, అద్దంలో మొహం చూసుకున్నట్టు. గోరంత అక్షరాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూపించేవాడాయన. "చూడవే చిట్టితల్లీ, వరం ఎంత చిన్నదో! దానికి ఒక్క దీర్ఘం తగిలించాననుకో, వారం అయిపోతుంది. దేవుడిచ్చింది కాస్తా క్యాలెండరులో పడిపోతుంది." ఆయన నవ్వితే వేళ్ళ మీది సిరా కూడా నవ్వినట్టుండేది.

కళ్ళజోళ్ళ దుకాణం పైన, రెండో అంతస్తులో ఆ ఆఫీసు. పోలీసుల మీద జనం చేసే ఫిర్యాదుల్ని పోలీసులు కానివాళ్ళు విచారించాలని పెట్టినది. బోర్డు మీద 'స్వతంత్ర' అన్న మాట తక్కిన మాటలకన్నా కాస్త పెద్దగా ఉంటుంది. అధ్యక్షురాలు పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి. ఆమెని అందరూ జడ్జమ్మ అనేవాళ్ళు. ఆఫీసు తలుపు తెరిచిన మొదటి రోజు నుంచి, పదకొండేళ్ళుగా, దీర్ఘాలమ్మ అక్కడ రిజిస్టరు గుమాస్తా.

పని చూడ్డానికి తేలికే. ఫిర్యాదు వస్తే నెంబరు వేయాలి. దానికి నకలు తీయాలి. ఆ నకలుని, ఫిర్యాదుదారు పేరూ చిరునామాతో సహా, ఏ స్టేషన్ మీద ఫిర్యాదో ఆ స్టేషన్‌కే పంపి సంజాయిషీ అడగాలి. నియమావళిలో నాలుగో నియమం అదే. తర్వాత ఇరవై ఒక్క రోజులు చూడాలి. ఒక్కోసారి సంజాయిషీ వచ్చేది. ఎక్కువసార్లు ఫిర్యాదుదారు నుంచే ఒక ఉత్తరం వచ్చేది: ఇక నాకు ఏ ఫిర్యాదూ లేదు అని. ఆ ఉత్తరాలన్నీ నెలకోసారి, గురువారం నాడు జడ్జమ్మ బెంచి ముందుకి కట్టగా వెళ్ళేవి.

"ఉపసంహరణలన్నీ సక్రమమేనా?" అని అడిగేది జడ్జమ్మ.

"సక్రమమేనమ్మా," అనేది దీర్ఘాలమ్మ.

ఠప్. ఠప్. ఠప్. ఒకసారి ముద్ర పడ్డాక అదే విషయం మీద మళ్ళీ ఫిర్యాదు తీసుకోరు. అది తొమ్మిదో నియమం.

ఆ ఉత్తరాలంటే ఆమెకి ఇష్టంగా కూడా ఉండేది. ఏదో ఒక ఇంట్లో ఒక మనిషి మనసు కుదుటపడి, కోపం చల్లారి, కాగితం తీసుకుని కూర్చున్నాడని ఊహించుకునేది. కిటికీ పక్కన చిన్న బల్ల, చల్లారిన టీ, వాన వెలిసిన వెలుతురు. పదకొండేళ్ళు ఆ బొమ్మని తన తలలోనే గీసుకుంది. ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు.

ఒక శుక్రవారం దర్జీ వచ్చాడు. కూడా అతని చెల్లెలు. మనిషి సన్నగా, మెడలో కొలత టేపుతో ఉన్నాడు, తీయడం మర్చిపోయినట్టున్నాడు. కుడిచెయ్యి వేళ్ళ నుంచి మోచేతి దాకా పిండికట్టులో ఉంది. ఎవరిదో సైకిలు పోయిందని స్టేషన్‌కి పిలిచారట. సైకిలు దొరికింది, ఇంకెక్కడో. ఇతని వేళ్ళు మాత్రం మూడు చోట్ల విరిగాయి. అతను చెబుతుంటే దీర్ఘాలమ్మ తన చేత్తోనే ఫిర్యాదు రాసింది. ఒక్క కొట్టివేత లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

అతను ఎడంచేత్తో, నాలిక బయటపెట్టి, చెమటలు కక్కుతూ సంతకం గీశాడు.

"చూడవే, అచ్చం ఒకటో క్లాసులో నేను చేసిన సంతకమే," అన్నాడు చెల్లెలితో.

"అప్పుడు ఇంకా బాగుండేదిలే అన్నయ్యా," అంది ఆ పిల్ల. నవ్వబోయి, నవ్వు మధ్యలో ఆగి, కళ్ళు తుడుచుకుంది.

పన్నెండో రోజున అతని ఉత్తరం వచ్చింది.

అప్పుడు పదకొండు గంటలవుతోంది. కింద దుకాణంలో ఎవరికో కళ్ళజోడు సరిచూస్తున్నారు, "ఇప్పుడు కనిపిస్తోందా? ఇప్పుడో?" అన్న మాటలు మెట్ల మీదుగా తేలి వస్తున్నాయి. దీర్ఘాలమ్మ కవరు చించింది. "నేను ఇచ్చిన ఫిర్యాదును ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి సమ్మతితో ఉపసంహారించుకుంటున్నాను. ఈ ఉత్తరం నా స్వహస్తాలతో రాసి ఇస్తున్నాను." కింద కుడిచేతి వాటం సంతకం, చక్కగా, వంకర లేకుండా.

అలవాటు కొద్దీ ఎర్ర పెన్సిల్ లేచింది. 'ఉపసంహరించు' అని ఉండాలి. 'హ'కి దీర్ఘం ఇస్తే అది సంహారం అయిపోతుంది, చంపడమైపోతుంది. ఆమె ఆ దీర్ఘాన్ని ఒక్క గీతతో కొట్టేసింది.

కొట్టేశాక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

స్వహస్తాలతో. పిండికట్టులో ఉన్న చేత్తో.

అదొక్కటే కాదు. ఈ దీర్ఘం తనకి తెలుసు. దీన్ని ఇంతకు ముందు ఎక్కడో కొట్టేసింది. ఎక్కడ?

"తాతా, ఆ స్టేషన్‌వి ముగిసినవన్నీ దించు," అంది అటెండరుతో. రిటైరయ్యాక కూడా ఆఫీసుని వదల్లేక వస్తూ ఉండే మనిషాయన, అందరికీ తాతే.

"అన్నీనా? బీరువాలో దుమ్ము కూడా పదేళ్ళ సర్వీసుకి వచ్చిందమ్మా, లేపితే ఊరుకోదు," అంటూనే దించాడు.

మొదటి ఉత్తరం ఒక పాలవాడిది. ఉపసంహారించుకుంటున్నాను. దీర్ఘం మీద ఎర్రగీత. రెండోది ఒక నర్సుది. అదే మాట, అదే దీర్ఘం, అదే ఎర్రగీత. మూడోది, నాలుగోది. చేతిరాతలు వేరు, సిరాలు వేరు, సంవత్సరాలు వేరు. మాట ఒక్కటే. ఒక్క అక్షరం తేడా లేదు. పదిహేడోది బట్టలుతికే ముసలమ్మది. 'నా స్వహస్తాలతో రాసి ఇస్తున్నాను' అన్న వాక్యం కింద వేలిముద్ర ఉంది.

వేలిముద్ర! చదువురాని మనిషి స్వహస్తాలతో రాసిందట. దాని మీద ఎర్ర పెన్సిల్‌తో దీర్ఘం దిద్ది, పక్కన ముద్ర కొట్టింది ఎవరు? తనే.

నలభై ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టింది. నలభై ఒక్కసార్లు ఆ తప్పుని చూసింది. నలభై ఒక్కసార్లు దిద్దింది. తప్పు తప్ప ఇంకేమీ చూడలేదు.

"ఏమైందమ్మా, మొహం అలా పాలిపోయింది?" అన్నాడు తాత.

ఆమె వేలిముద్ర ఉన్న కాగితాన్ని ఆయన ముందుకి జరిపింది. కింద నుంచి ఎవరిదో గొంతు తేలి వచ్చింది: "ఇప్పుడు కనిపిస్తోందా?"

భోజనాల వేళ ఆమె డబ్బా తెరవకుండా దర్జీ దుకాణానికి నడిచింది. సన్నటి సందులో ఒక గది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది, నిద్రపోయే మనిషికి కప్పినట్టు. చెల్లెలు గుండీలు కుడుతోంది. దర్జీ కత్తిరింపు బల్ల వెనక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడగానే లేచి గోడకి అంటుకుపోయాడు.

"మళ్ళీ ఏమైందమ్మా? రాసిచ్చేశాం కదా!"

"నువ్వు రాయలేదుగా నాయనా. ఎవరు రాశారు?"

ఆ పిల్ల సూదిని చీరకొంగుకి గుచ్చుకుని, సూటిగా చూసింది.

"మా ఇల్లు వాళ్ళకి చూపించింది మీరేగా?"

దీర్ఘాలమ్మకి అర్థం కాలేదు. ఆ పిల్లే చెప్పింది. ఫిర్యాదిచ్చిన ఐదో రోజున స్టేషన్ నుంచి రైటరు వచ్చాడు. స్టేషన్‌లో కాగితాల పని చూసే కానిస్టేబుల్ని రైటరు అంటారు. ఫిర్యాదు నకలుని బల్ల మీద పరిచాడు. మర్యాదగానే మాట్లాడాడు. టీ కూడా తాగాడు. "ఎంత అందంగా రాశారో చూడండి. సందు పేరు, తలుపు నెంబరు, పక్కిల్లు కూడా రాశారు. వెతుక్కునే పనే లేకుండా పోయింది," అన్నాడట. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, చెల్లెలు రోజూ గుండీల కొట్టుకి ఏ దారిలో వెళ్తుందో, ఎన్నింటికి తిరిగొస్తుందో తనే చెప్పాడట.

"ఉత్తరం వాళ్ళే రాసుకొచ్చారు. సంతకం నేను చేశాను," అంది ఆ పిల్ల. "అన్నయ్య సంతకం నాకు వచ్చు. చిన్నప్పుడు మార్కుల కాగితాల మీద నాన్న సంతకం వాడు చేసేవాడు, వాడి సంతకం నేను చేసేదాన్ని."

దర్జీ నేల చూపులు చూస్తూ అన్నాడు, "మిమ్మల్ని తప్పుపట్టడం లేదమ్మా. మీరు మంచిగానే రాశారు. అదే మా కొంప ముంచింది."

పదకొండేళ్ళుగా తన ముత్యాల్లాంటి అక్షరాలు ఎన్ని గుమ్మాలకి దారి చూపించాయో!

ఆఫీసుకి తిరిగొచ్చి సూపరింటెండెంటు ముందు నలభై ఒకటీ పెట్టింది. ఆయన రెండు చూసి, మూడోది ముట్టుకోలేదు. గడియారం చూశాడు.

"అమ్మా, మీకు రెండేళ్ళ సర్వీసు ఉంది. నాకు నాలుగు. తప్పులు దిద్దడం మీ పని. ఆ తప్పు ఎవరి కడుపున పుట్టిందో వెతకడం కాదు. ఎల్లుండి గురువారం. మామూలుగా కట్ట పెట్టండి."

ఎవరి కడుపున పుట్టిందో. ఆ మాట ఆమెని వదల్లేదు. కుర్చీలోకి వచ్చి, అడుగు సొరుగు లాగి, తన పాత నమూనాల ఫైలు తెరిచింది. సెలవు చీటీ నమూనా, రసీదు నమూనా. వాటి అడుగున పల్చటి కాగితం, నీలిరంగు కార్బన్ కాపీ. తొమ్మిదేళ్ళ నాటిది. తన టైపు. నిజంగానే పొరుగువాళ్ళ గొడవ సర్దుకుని, పోలీసులు పట్టించుకోలేదన్న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్న ఒక ముసలాయన చూసి రాసుకోవడానికి చేసింది. ఆయన్ని వెంటబెట్టుకొచ్చిన కుర్ర కానిస్టేబులు, "మాకూ ఒకటి ఇవ్వండమ్మా, ఎవరైనా అడిగితే ఎలా రాయాలో తెలియదు," అంటే, పాపం అని ఇంకో ప్రతి ఇచ్చింది.

ఉపసంహారించుకుంటున్నాను.

'హ' పక్కన దీర్ఘం. తను పెట్టిన దీర్ఘం.

తేదీ చూసింది. భర్త పోయి ఆఫీసుకి తిరిగొచ్చిన వారం అది. ఆ వారంలో ఏం టైపు చేసిందో, ఏం తిన్నదో, ఏ బస్సెక్కిందో ఒక్కటీ గుర్తులేదు. ఆ వారం నిండా పొగమంచే. ఆ పొగమంచులోంచి ఒక్క దీర్ఘం బయటికొచ్చి, నలభై ఒక్క ఇళ్ళ తలుపులు తట్టింది.

తాత వచ్చి టీ పెట్టి వెళ్ళాడు. అది చల్లారింది.

ఇంట్లో ఆమెకి మిగిలింది అత్తగారు ఒక్కతే. వినికిడి సగం, చూపు మాత్రం నిండా ఉంది ఆవిడకి.

"ఏమే, పళ్ళెం నీ ముందు పెట్టి అరగంటయింది. గోడకేం చెబుతున్నావు?"

చెప్పింది. అంతా చెప్పింది. సగం గట్టిగా, సగం మెల్లగా. అత్తగారు ముక్కున వేలేసుకుని వింది.

"వినబడిందా అత్తయ్యా?"

"వినబడనిదే నయం. అయితే ఇప్పుడు నువ్వు నోరు విప్పితే నీ ఉద్యోగానికి ఎసరు. విప్పకపోతే ఆ కుర్రాడి చెయ్యి పోతుంది. అంతేనా?"

"చెయ్యి ఎప్పుడో పోయింది. ఎల్లుండి ముద్ర పడితే, ఆ చెయ్యి ఎలా పోయిందో అడిగే దారి కూడా పోతుంది."

అత్తగారు మెల్లిగా అంది, "నా కొడుకు పోయిన వారమా అది?"

"అదే వారం."

"ఆ వారం నేను తాళంచెవులు గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. గుర్తుందా? మాడిన వాసన వచ్చి నువ్వే దించావు. నాది గిన్నెతో పోయింది. నీది ఊరంతా అంటుకుంది." పళ్ళెం కోడలి వైపు జరిపింది. "ముందు తిను. వెళ్ళి దించు మరి."

గురువారం. పొడవాటి బల్లకి ఆ చివర జడ్జమ్మ, పక్కన సూపరింటెండెంటు. గోడ వారగా సంజాయిషీలు పట్టుకొచ్చిన పోలీసులు నలుగురు. వాళ్ళలో ఆ రైటరు ఉన్నాడు; అప్పటి కుర్ర కానిస్టేబులే, తొమ్మిదేళ్ళలో కాస్త ఒళ్ళు చేశాడు, జుట్టు పల్చబడింది. దీర్ఘాలమ్మని చూసి వినయంగా నమస్కారం పెట్టాడు. అతను మంచివాడిలా కనిపించడమే ఆమెకి అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించింది.

జడ్జమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "ఉపసంహరణలన్నీ సక్రమమేనా?"

పదకొండేళ్ళ జవాబు నాలిక చివరికి దానంతట అదే వచ్చేసింది. ఆమె దాన్ని మింగింది.

"లేదమ్మా."

కలాలు ఆగాయి. సూపరింటెండెంటు దగ్గాడు. ఆమె ఒక్కొక్క ఉత్తరమే తీసి బల్ల మీద పరుచుకుంటూ పోయింది, పేకముక్కల్లా, ఈ చివర నుంచి ఆ చివరకి. నలభై ఒక్క ఎర్రగీతలు ఒక్క వరసలో కనిపించేసరికి జడ్జమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏమిటిది?"

"ఒకటే దీర్ఘం అమ్మా. నలభై ఒక్కమంది చేసిన ఒకటే తప్పు. ఇది చేయి విరిగినవాడిది. ఇది చదువు రానామెది. ఇద్దరూ స్వహస్తాలతోనే రాశారట."

గోడ దగ్గర కదలిక. రైటరు ఒక అడుగు ముందుకి వేశాడు. అతని మొహంలో భయం లేదు. నొచ్చుకున్న మనిషి మొహం అది.

"తప్పంటారేంటమ్మా? మీరిచ్చిన నమూనాయే కదా! ఇంకా మా బల్ల అద్దం కిందే ఉంది. తొమ్మిదేళ్ళయింది, మేం ఒక్క అక్షరం కూడా మార్చలేదు."

ఏం అన్నాడో అతనికి ఇంకా తెలియలేదు. పక్కనున్న పోలీసాయన మాత్రం కళ్ళు మూసుకున్నాడు.

"మేం అంటే?" అంది జడ్జమ్మ, చాలా మెల్లిగా.

రైటరు పక్కనున్న పోలీసాయన వైపు చూశాడు.

జడ్జమ్మ ఇటు తిరిగింది. "నమూనా మీరిచ్చారా?"

"నేనే ఇచ్చానమ్మా. ఆ దీర్ఘం నాదే." కార్బన్ కాపీ తీసి వరస చివర పెట్టింది. నలభై రెండోది. "చిరునామాలు పంపిందీ నేనే. ముద్ర కొట్టిందీ నేనే. దర్జీ కాగితం మీద మాత్రం ఇంకా కొట్టలేదు."

ముద్ర పిడిని బల్ల మీదుగా జడ్జమ్మ వైపు తోసింది. అది దొర్లుకుంటూ వెళ్ళి ఆవిడ ముందు ఆగింది. ఆ రోజు వసారాలో ఎవరికీ ఆ చప్పుడు వినిపించలేదు.

దర్జీ ఫిర్యాదు విచారణకి వెళ్ళింది. మిగతా నలభైమందికీ, ఈసారి స్టేషన్ ద్వారా కాకుండా, తాత స్వయంగా కబురు మోశాడు. పంతొమ్మిదిమంది తిరిగొచ్చారు; తొమ్మిదో నియమం పక్కనపెట్టి జడ్జమ్మ వాళ్ళ ఫిర్యాదులు తీసుకుంది. ఏడుగురు గుమ్మంలోంచే "మా జోలికి రాకండి" అన్నారు. బట్టలుతికే ముసలమ్మ మూడేళ్ళ కిందటే పోయింది. మిగతావాళ్ళు ఆ చిరునామాల్లో లేరు. ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. నాలుగో నియమం మారింది. ఇప్పుడు స్టేషన్‌కి వెళ్ళే నకలులో పేరుండదు, తలుపు నెంబరుండదు. రైటరు మీద, అతని పైవాళ్ళిద్దరి మీద విచారణ నడుస్తోంది. దర్జీ వేళ్ళలో రెండు వంగవు. చెల్లెలు కత్తిరిస్తుంది, అతను ఎడంచేత్తో మిషను నడుపుతాడు.

దీర్ఘాలమ్మకి మెమో ఇచ్చారు. నమూనా ఇచ్చినందుకు, చూసీ చూడనందుకు. ఆమె సంజాయిషీలో సమర్థించుకోలేదు. ముద్ర లాగేసుకుని, పాత కాగితాల గదిలో వేశారు. అక్కడ కిటికీ లేదు. ఒక బల్బు, ఒక బల్ల, మిగతా పదిహేను స్టేషన్ల ముగిసిన ఫైళ్ళు ఉన్నాయి. ఎవరూ చెప్పకుండానే వాటిని ఒక్కొక్కటే చదువుతోంది. ఇప్పుడు ఎర్ర పెన్సిల్ పట్టుకోదు. ముందు మనిషి పేరు చదువుతుంది, తర్వాత ఊరు, తర్వాత సంతకం. అందులో ఇంకేం కనిపించిందని అడిగితే చెప్పదు. చేతులు మాత్రం ఒళ్ళో పెట్టేసుకుంటుంది.

ఇదంతా నాకు చెప్పడం అయ్యాక, నేను రాసుకున్న కాగితాలు ఇమ్మని ఆమె అడిగింది. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. రెండు చోట్ల వేలు ఆగింది, కానీ ఏమీ దిద్దలేదు. కాగితాలు సర్ది వెనక్కి ఇస్తూ అంది:

"అచ్చువేసే చోట నాలాంటిది ఒకతి ఉంటుంది. ఆ మాట కనబడగానే ఆవిడ చెయ్యి ఊరుకోదు. ముందే చెప్పి ఉంచండి, ఆ దీర్ఘం తీయొద్దని."